ఎర్ర గీతలు, నీలం చుక్కలు

తొమ్మిదింటికి రమ్మంటే ఎనిమిదిన్నరకే వచ్చి కూర్చునేవాడు అన్నయ్య. అందుకే స్టూడియోలో ఆయనకి గడియారం అని పేరు. తొమ్మిదింటికి రమ్మంటే పదింటికొచ్చి, "ఇంకా మొదలెట్టలేదా మీరు?" అని ఎదుటివాళ్ళనే దబాయించేవాడు తమ్ముడు. వాడికి గలగల అని పేరు. ఈ ఇద్దరూ ఒక్క కడుపున పుట్టారంటే కొత్తగా చేరినవాళ్ళెవరూ నమ్మేవారు కాదు. నమ్మమని వీళ్ళూ ఎవర్నీ బతిమాలలేదు లెండి.

వాళ్ళ పని గొంతు అరువివ్వడం. ఎక్కడో పరాయి భాషలో తీసిన సీరియల్ ఒకటి ఎనిమిదేళ్ళుగా సాగుతోంది. అందులోనూ అన్నదమ్ముల కథే. పెద్దవాడు కలప అడితి నడుపుతాడు, ఎప్పుడూ మొహం ముడుచుకునే ఉంటాడు. చిన్నవాడు ఏ పనీ సరిగ్గా చెయ్యడు, ఇల్లొదిలి పారిపోతాడు, మళ్ళీ వస్తాడు, మళ్ళీ పారిపోతాడు. పెద్దవాడి పెదాల మీదకి అన్నయ్య గొంతు, చిన్నవాడి పెదాల మీదకి తమ్ముడి గొంతు. "మాకు నటించాల్సిన పనే లేదు, ఇంట్లో మాట్లాడుకునేదే మైకులో మాట్లాడుకుంటాం" అనేవాడు తమ్ముడు. అన్నయ్య మాత్రం నవ్వేవాడు కాదు. పని దగ్గర నవ్వులాటేమిటని ఆయన బాధ.

ఆ సోమవారం కూడా ఎనిమిదిన్నరకే వచ్చాడు. సంచిలోంచి వేడినీళ్ళ ఫ్లాస్కు తీసి బల్ల మీద పెట్టాడు. అద్దాలు తుడుచుకున్నాడు. ఆ రోజు చెప్పాల్సిన మాటలన్నీ తెల్ల కాగితాల మీద సొంత చేత్తో తిరగరాసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు అది. అచ్చులో ఉన్న కాగితం చూసి చెప్పమంటే ఆయనకి మాట రాదు. రాసుకోవడం అయ్యాక ఎర్ర పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాడు. ఒక గీతంటే చిన్న ఊపిరి. రెండు గీతలంటే ఆగి పీల్చుకునే ఊపిరి. ఒకప్పుడు కాగితానికి నాలుగైదు గీతలుండేవి. ఈ మధ్య మాటకో గీత పడుతోంది, అది చూస్తుంటే ఆయనకే నీరసం వస్తోంది.

గొంతులో చిన్న గడ్డ లేచిందని డాక్టరు చెప్పి రెండు నెలలైంది. మూడు నెలలు నోరు విప్పకుండా ఉంటే దానంతటదే తగ్గొచ్చన్నాడు. లేకపోతే కత్తి పెట్టాల్సొస్తుంది, ఆ తర్వాత ఈ గొంతు ఉంటుందో ఉండదో చెప్పలేనన్నాడు. మూడు నెలలా! సీరియల్ చివరి ఎపిసోడ్లకొచ్చింది. మూడు రోజులు మానేస్తే నాలుగో రోజు ఆ మైకు ముందు ఇంకెవడో ఉంటాడు. ఎనిమిదేళ్ళు మోసినవాణ్ణి చివరి మెట్టు దగ్గర ఎవడికో అప్పగించనా అని ఆయన పట్టుదల. అందుకని స్టూడియోలో గొంతు, ఇంట్లో పలక. ఇంట్లో ఏం కావాలన్నా పలక మీద రాసి భార్యకి చూపించేవాడు. కూరలో ఉప్పు తక్కువైందని రాయడానికి బద్ధకమేసి ఊరుకుంటున్నాడని ఆవిడ ఒకందుకు సంతోషించింది కూడా.

ఈ సంగతి భార్యకి తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. తమ్ముడికి అసలు చెప్పొద్దని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు మరి.

తొమ్మిదింటికి గాజు గదిలోకి వెళ్ళి మైకు ముందు నిలబడ్డాడు. అద్దానికి అవతల ఇంజనీరూ, ఈ సీరియల్ డబ్బింగ్ చూసుకునే మేడమూ కూర్చున్నారు. చెవిలో మూడు బీప్‌లు వినిపిస్తాయి. నాలుగోది వినిపించాల్సిన చోట మాట మొదలవ్వాలి. తెర మీద కలప అడితి పెద్దాయన నోరు తెరిచాడు. అన్నయ్య అందుకున్నాడు.

"తమ్ముడూ, నువ్వు వెళ్తానంటే నేను ఆపను. కానీ తలుపు గడియ మాత్రం పెట్టను."

'తమ్ముడూ' దగ్గర గొంతు జీరపోయింది. 'గడియ' దగ్గర చిట్లింది. ఇంకోసారి అందామని ఆయన చెయ్యెత్తబోయాడు.

"ఓకే సార్! బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాతది" అంది మేడమ్.

మూడు వారాలుగా ఇదే వరస. ఏది చెప్పినా మొదటిసారికే ఓకే. అంతకుముందు ఒక్కో మాట పదేసిసార్లు చెప్పించిన మనిషే ఈవిడ! నిజంగానే బాగా వస్తోందేమో, మనకే చాదస్తం ఎక్కువైందేమో అనుకున్నాడు. రాత్రిళ్ళు ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నందుకు ఫలితం కనిపిస్తోందని లోలోపల మురిసిపోయాడు కూడా. పదిన్నరకల్లా పనైపోయింది.

బయటికొచ్చేసరికి తమ్ముడు అప్పుడే మెట్లెక్కి వస్తున్నాడు. జుట్టు దువ్వలేదు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నోట్లో ఏదో చప్పరిస్తున్నాడు.

"టైమెంతైందిరా?"

"నువ్వున్నాక నాకు వాచీ ఎందుకన్నయ్యా?" అన్నాడు వాడు. గొంతు కాస్త బొంగురుపోయింది.

"రాత్రి ఎక్కడ తిరిగొచ్చావు? ఆ గొంతేమిటి? తిండి పెట్టే గొంతురా అది. దాన్ని కూడా కాపాడుకోలేవా? నన్ను చూడు, ఈ వయసులో ఒక్క టేకులో ముగించి వస్తున్నాను."

తమ్ముడు మామూలుగా అయితే దీనికి నాలుగు జవాబులు చెప్పేవాడు. ఆ రోజు తల గోక్కుని, "నీకేంటన్నయ్యా, నువ్వు సింహానివి" అని లోపలికి పోయాడు. వెక్కిరించాడో మెచ్చుకున్నాడో అర్థం కాక అన్నయ్య ఇంటికి వెళ్ళేదాకా అదే ఆలోచించాడు.

మంగళవారం ఫ్లాస్కు మర్చిపోయాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన స్టూడియోలో ఏదైనా మర్చిపోవడం అదే మొదలు. నాలుగింటికి ఉప్పునీళ్ళ కోసం వెతికితే సంచిలో లేదు. ఇంకో గిన్నెలో కాచి ఇస్తానని భార్య చెప్తున్నా వినకుండా బస్సెక్కాడు.

సాయంత్రం నాలుగున్నరకి స్టూడియోలో ఎవరూ ఉండరు. వరండాలో ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. లోపలికి వెళ్ళి బల్ల మీది ఫ్లాస్కు అందుకోబోతూ ఆగిపోయాడు.

"తమ్ముడూ, నువ్వు వెళ్తానంటే నేను ఆపను."

తన గొంతే. నిన్నటి మాటే. విని చూసుకుంటున్నారేమోననుకున్నాడు. ఇంతలో ఇంజనీరు, "ఇంకొక్కసారి. చివర్లో కొద్దిగా లాగు" అన్నాడు. మళ్ళీ అదే గొంతు అదే మాట అంది. రికార్డయిపోయిన గొంతుని ఇంకోసారి చెప్పమని ఎవరడుగుతారు? నాలుగడుగులు వేసి అద్దంలోంచి చూశాడు.

తన మైకు ముందు తమ్ముడున్నాడు. మెడ కిందికి వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, చెయ్యి గొంతు మీద పెట్టుకుని గొంతుని బలవంతాన కిందికి తొక్కుతున్నాడు. ఎదురుగా స్టాండు మీద తాను రాసుకున్న కాగితాలే ఉన్నాయి, ఎర్ర గీతలతో సహా.

రెండు నెలలుగా దాచుకున్న గొంతంతా ఒక్కసారిగా పైకొచ్చింది. తలుపు తోసి లోపలికి వెళ్ళాడు.

"ఎప్పట్నుంచిరా ఇది?"

తమ్ముడి చేతిలోంచి పెన్ను కింద పడింది. "అన్నయ్యా, అదేం లేదు, కూర్చో ముందు."

"నేను పొద్దున చెప్తున్నాను, నువ్వు సాయంత్రం చెరిపి నీది పెట్టుకుంటున్నావు. అందుకే కదూ ఒక్క టేకుకే ఓకేలు! ఇద్దరి వేషాలూ నువ్వే వేసేస్తే సరిపోతుంది, ఈ ముసలాడెందుకని మాట్లాడుకున్నారా? నేను బతికుండగానే నా గొంతు పంచుకుంటున్నావా? దొం—"

ఆ మాట సగంలోనే చిట్లిపోయింది. నోరు ఆడుతోంది గానీ శబ్దం రావడం లేదు. తమ్ముడు బల్ల మీది ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసి అందించబోయాడు. అన్నయ్య ఆ చేతిని ఒక్క తోపు తోశాడు. నీళ్ళన్నీ వాడి చొక్కా మీద పడ్డాయి. ఇంజనీరు ఏదో అనబోతే, వద్దన్నట్టు తమ్ముడు కళ్ళతోనే ఆపేశాడు. రోజంతా వాగే మనిషి తన గురించి ఒక్క ముక్క చెప్పుకోలేదు. తప్పు చేసినవాడు కాబట్టే నోరు లేవలేదని అన్నయ్య అనుకున్నాడు.

తమ్ముడు పైవాటాలో ఒక్క గదిలో ఉంటాడు. పెళ్ళీ గిళ్ళీ లేదు. రెండు పూటలా వదిన చేతి అన్నమే. ఆ సాయంత్రం ఆవిడ మూడు కంచాలు పెట్టింది. పైనుంచి అడుగుల చప్పుడు వినిపిస్తోంది గానీ మనిషి కిందికి రాలేదు. పిలిస్తే ఆకలి లేదన్నాడు. ఆకలి లేదని వాడనడం ఆవిడ ఈ ఇంటికొచ్చాక వినలేదు.

"ఏమైందండీ?" అని అడిగింది.

ఆయన పలక అందుకుని, బలపం విరిగేంత గట్టిగా రాశాడు. 'వాడు దొంగ. నా గొంతు దొంగిలించాడు.'

ఆవిడ చదివి, అరచేత్తో తుడిచేసింది.

"వాడు కాదు దొంగ, నేను. మీ గొంతు సంగతి మరిదికి చెప్పింది నేనే. మీరు ఒట్టు వేయించుకున్నారు, నిజమే. మీ నోరు పోయాక ఆ ఒట్టు పెట్టుకుని నేనేం చేసుకోను? వాడు ఇక్కడే, ఈ గడప మీద కూర్చుని ఏడ్చాడు. 'అన్నయ్యని మానెయ్యమంటే మానడు వదినా, నేను చూసుకుంటాలే' అన్నాడు. ఏం చూసుకుంటాడో నాకేం తెలుసు?"

ఆయన పలక వైపు చూడలేదు. అన్నం సగంలో వదిలేసి లేచాడు. ఒప్పుకోవడం అంత సులువా! చూసుకోవడమంటే వేషం లాక్కోవడమా అని బుధవారమంతా పడక్కుర్చీలో కూర్చుని తనలో తనే వాదించుకున్నాడు. స్టూడియోకి వెళ్ళలేదు. ఫోన్ రెండుసార్లు మోగింది, తియ్యలేదు. సాయంత్రానికి వాదించుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది.

గురువారం ఎనిమిదిన్నరకి వెళ్ళాడు. ఇంజనీరు ఒక్కడే ఉన్నాడు. ఈయన్ని చూసి లేచి నిలబడ్డాడు.

"గురువుగారూ, మీరు తిట్టినా సరే, ఒకటి వినాలి" అని తన కుర్చీ చూపించాడు. అద్దానికి అవతలి వైపు కూర్చోవడం అన్నయ్యకి ముప్ఫై ఏళ్ళలో అదే మొదటిసారి.

ఇంజనీరు ముందు సోమవారం పొద్దున ఆయన చెప్పింది వినిపించాడు. తర్వాత మంగళవారం సాయంత్రం తమ్ముడు చెప్పింది వినిపించాడు. 'తమ్ముడూ' దగ్గర రెండింటిలోనూ జీర ఉంది. 'గడియ' దగ్గర రెండింటిలోనూ చిట్లింది. రెండో దాంట్లో చిట్లడం కొంచెం తక్కువ, అంతే. ఏది ఎవరిదో ఆయనకే తెలియలేదు.

"చూశావా, నా జబ్బుని కూడా వెక్కిరించాడు" అన్నాడు గుసగుసగా.

"వెక్కిరింపు కాదు గురువుగారూ. మొదటి రోజు ఇలా చెయ్యలేదు మీవాడు. శుభ్రంగా, ఖంగుమని, పదేళ్ళ కిందటి మీ గొంతుతో చెప్పాడు. మేడమ్‌కీ నాకూ ఒళ్ళు జలదరించింది. ఇదే పెట్టేద్దాం అన్నాం. తనే పడనివ్వలేదు. 'ఇలా వెళ్తే, రేపు అన్నయ్య ఎక్కడైనా నోరు విప్పినప్పుడు, ఈయన గొంతు పోయిందిరా అంటారు జనం. ఆయన గొంతు ఎంతుందో అంతే చేస్తాను. కాస్త తుడిచి పెడతాను, అంతే' అన్నాడు. ఆ మొదటిది తన చేత్తోనే చెరిపేశాడు."

అన్నయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీ చేత రెండోసారి చెప్పించొద్దని, గొంతు అలిసిపోతుందని, మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. ఈ పనికి ఒక్క పైసా ముట్టలేదు. చివర్లో తెర మీద వేసే పేర్లలో మీ పేరు కదిలిస్తే ఇద్దరు అన్నదమ్ములూ లేకుండా పోతారని మేడమ్‌నే బెదిరించాడు. సాయంత్రం రెండు గంటలు అలా గొంతు తొక్కి పట్టేసరికి పొద్దున్నే లేవలేకపోతున్నాడు. మీరేమో ఊరు తిరిగొచ్చాడంటారు."

సొరుగులోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. మూడు వారాల కాగితాలు. పనయ్యాక అన్నయ్య చెత్తబుట్టలో పడేసినవే. తన రాత, తన ఎర్ర గీతలు. వాటి పక్కన, అక్షరాల మీద అక్కడక్కడా, నీలం చుక్కలున్నాయి.

ఈ చుక్కలేమిటని అడగబోయి ఆగాడు. ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది. 'తమ్ముడూ' మీద చుక్క. 'గడియ' మీద చుక్క. తన గొంతు ఎక్కడెక్కడ విరుగుతుందో అక్కడల్లా ఒక చుక్క. చిన్న జీరకి చిన్న చుక్క, పెద్ద విరుపుకి పెద్ద చుక్క. జన్మలో పెన్సిల్ పట్టని వెధవ, 'గీతలెందుకన్నయ్యా, ఊపిరి దానంతటదే వస్తుంది' అనే వెధవ, అన్న గొంతులోని ప్రతి పగులునీ లెక్కపెట్టి, గుర్తు పెట్టుకుని, దానికి తగ్గట్టు తన మంచి గొంతుని విరుచుకున్నాడు. బాగా చేయగలిగినవాడు కావాలని తక్కువగా చేశాడు. అన్న కంటే బాగుంటే అన్న చిన్నబోతాడని.

ఆయనకి ఏడుపొచ్చింది. ఏడిస్తే కూడా శబ్దం రాని గొంతైపోయింది అది. ఇంజనీరు ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఆఖరి ఎపిసోడ్. తమ్ముడు తొమ్మిదింటికే వచ్చాడు. నీళ్ళు పడ్డ చొక్కానే ఉతుక్కుని తొడుక్కున్నాడు. అన్నని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రా. కూర్చో" అన్నాడు అన్నయ్య గుసగుసగా. "ఆ గొంతు చెయ్యి."

"ఏ గొంతన్నయ్యా?"

"నువ్వు చెరిపేసిందట కదా. అది."

తమ్ముడు ఇంజనీరు వైపు కొరకొరా చూశాడు. ఇంజనీరు వైర్లు సర్దుకుంటున్నాడు.

"అదేం లేదన్నయ్యా, వాళ్ళేదో—"

"చెయ్యరా."

వాడు గొంతు సవరించుకున్నాడు. ఈసారి మెడ వంచలేదు, చెయ్యి గొంతు మీద పెట్టుకోలేదు. "తమ్ముడూ" అని పిలిచాడు. నిండుగా, ఎక్కడా విరక్కుండా. అన్నయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. తన గొంతు అలా ఉండేదా? ఉన్నన్నాళ్ళూ ఎప్పుడూ వినిపించుకోలేదే!

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఆఖరి సీనులో పెద్దవాడి మాటలు. తన రాత, ఎర్ర గీతలు. కానీ గీతలు తన ఊపిరికి కావు. తమ్ముడి ఊపిరి ఎంత పొడుగో చిన్నప్పట్నుంచీ వింటున్నవాడు కదా, దానికి కొలిచి పెట్టాడు. కాగితం మొత్తానికి నాలుగే గీతలున్నాయి.

"ఇది నువ్వే చెప్తున్నావు. మంచి గొంతుతో. చుక్కలు పెట్టావంటే చేతులు విరుస్తాను" అన్నాడు. మేడమ్ వైపు తిరిగి, "పేర్లలో రెండు చోట్లా వీడి పేరే వెయ్యండి" అన్నాడు.

"పేరు మాత్రం కుదరదు! ఎనిమిదేళ్ళు నువ్వు—"

"నోర్ముయ్. నా నోరు డాక్టరు మూయించాడు, నీ నోరు నేను మూయిస్తున్నాను. మంగళవారం నేనన్న మాట..." అని ఆగాడు. "ఆ మాట అనకుండా ఉండాల్సింది. తప్పైపోయిందిరా."

తమ్ముడు తలొంచుకుని కాగితం మడతలు సరి చేస్తూ ఉండిపోయాడు. మడతపడని చోట కూడా సరి చేశాడు.

అప్పుడు మేడమ్ మెల్లిగా అంది. "సార్, ఆఖరి సీనులో స్టేషన్ గేటు దగ్గర ముసలి టికెట్ కలెక్టరు ఉన్నాడు. ఒక్కటే మాట. మీరు చెప్తారా? మీ గొంతు ఇప్పుడెలా ఉందో అలాగే కావాలి."

అన్నయ్య ఒప్పుకున్నాడు. పాత రోజుల్లోలాగా ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడ్డారు. తెర మీద పారిపోయిన చిన్నవాడు తిరిగొచ్చాడు. అతని పెట్టె పెద్దవాడి చేతిలో ఉంది. గేటు దగ్గర ముసలాయన చెయ్యి చాపాడు. మూడు బీప్‌లు వినిపించాయి.

"ఇద్దరూ కలిసే వెళ్తున్నారా?" అన్నాడు అన్నయ్య. ఉన్న గొంతంతా అంతే. జీరపోయింది, చిట్లింది. దాచుకోలేదు.

"కలిసే" అంది పక్కనుంచి ఆయన సొంత గొంతు, నిండుగా. "వీడు మా తమ్ముడు."

అద్దానికి అవతల ఎవరూ ఓకే అనలేదు. కాసేపటికి మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అది చాలని ఇద్దరికీ అర్థమైంది.

ఆ నిమిషం నుంచి అన్నయ్యకి మూడు నెలల మౌనం. వరండాలోకి వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. తమ్ముడు ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసి, ఈసారి కొంచెం దూరంగానే నిలబడి అందించాడు. ఆయన సగం తాగి, మిగతా సగం వాడికే తిరిగిచ్చాడు. సంచిలోంచి పలక తీసి ఏదో రాసి వాడి చేతిలో పెట్టాడు.

తమ్ముడు చదవబోయి, ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకున్నాడు. తర్వాత పైకే చదివాడు, తన గొంతుతో కాదు, అన్నయ్య గొంతుతో.

"ఇంటికి పదరా. నువ్వు మీ వదిన చేతి అన్నం తిని మూడు రోజులైంది."